రెండు సాళ్ళ ఆసామి

ఆ వేసవి దాకా బర్గండీ అంటే నాకు బట్టల షాపువాడు చెప్పే ఒక రంగు, అంతే. అది ఫ్రాన్సులో ఒక ప్రాంతమనీ, అక్కడి ద్రాక్షతోటల గొడవ వచ్చి మా పుట్టింటి గొడవలో పడుతుందనీ ఎవరైనా ముందే చెప్పి ఉంటే, పనీపాటా లేదా అని తిట్టి పంపేదాన్ని. అప్పటికి నేను ఒక హోటల్లో భోజనాల హాలులో వెయిట్రెస్‌ని. వానలు మొదలయ్యేలోగా హాలు పక్కన వైన్ గది తెరుస్తున్నామనీ, బర్గండీ గురించి ఓనమాలైనా రానివాళ్ళకి ఆ గదిలో పని లేదనీ మేనేజరుగారు ఒకరోజు అందర్నీ నిలబెట్టి చెప్పాడు. వైన్ గదిలో పనంటే కాళ్ళనొప్పులు తక్కువ, మర్యాద ఎక్కువ. నేర్చుకుంటే పోలా అనుకున్నాను.

నేర్పడానికి వచ్చిన పెద్దాయన్ని మేము ముక్కు మాస్టారు అనేవాళ్ళం. టీ ఇచ్చినా సరే, ముందు వాసన చూసి, కళ్ళు మూసుకుని, ఏదో గుర్తు తెచ్చుకుని, చల్లారాక తాగేవాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, సాయంత్రం బల్లలు మళ్ళీ సర్దేలోగా మాకు క్లాసు. గోడకి నల్లబల్ల ఆనించి, దాని మీద పొడుగ్గా ఒక కొండవాలు గీశాడు.

"ఇదే బర్గండీకి గుండెకాయ. తూర్పు వైపు మొహం పెట్టుకుని పడుకున్న కొండ. ఎర్ర వైనైతే పీనో న్వార్ అనే ద్రాక్ష, తెల్లదైతే షార్డొనే. దాదాపు అంతే, ఇంకేం కలపరు."

"రెండే రకాలా? మరి ఇన్ని పేర్లెందుకు సార్, నోరు తిరక్క చస్తున్నాం" అన్నాడు మా కెప్టెన్. హాలులో వెయిటర్లందరికీ పెద్ద ఆయనే. చేతిలో కాపీ పెట్టుకోకుండా ఒక్క పేరూ పలకలేకపోయేవాడు.

"పేర్లన్నీ మట్టివి నాయనా. వాలుకి అడుగున తడెక్కువ, నెత్తిన చలెక్కువ. నడుము దగ్గర పండిందే మేలు. అడుగుది ప్రాంతం పేరుతో అమ్ముతారు, దానికంటే మంచిది ఊరి పేరుతో. ఇంకా మంచిది ప్రీమియర్ క్రూ, అన్నిటికంటే పైది గ్రాండ్ క్రూ. మెట్లు నాలుగే."

"రుచి ఎలా ఉంటుంది సార్?"

"తినబోతూ రుచులెందుకయ్యా? ముందు బొమ్మ చూడు."

కొండవాలు మీద ఒక చోట నాలుగు పక్కలా గోడ గీశాడు. దాని పేరు క్లో ద వూజో అన్నాడు. వందల ఏళ్ళ కిందట సన్యాసులు కట్టుకున్న గోడట. చాలాకాలం అంతా ఒక్కళ్ళ చేతిలోనే ఉందట. తర్వాత ముక్కలుగా అమ్మారు. ఇప్పుడు ఆ ఒక్క గోడ లోపల సుమారు ఎనభైమంది ఆసాములున్నారని చెప్పాడు.

"ఎనభైమందా? అంతమంది ఎలా వచ్చారు సార్?" అన్నాను.

"అక్కడ తండ్రి పోతే పొలం పిల్లలందరికీ సమానంగా వెళ్ళాలని చట్టం. వాళ్ళు పోతే మళ్ళీ వాళ్ళ పిల్లలకి. అలా చీలి చీలి, ఒక్కొక్కరికి రెండు సాళ్ళు మిగిలిన తోటలు కూడా ఉన్నాయి. ఒక సాలు ఇటువాళ్ళది, పక్క సాలు అటువాళ్ళది."

నా నోరు ఊరుకోలేదు. "పిల్లలంటే, ఆడపిల్లలక్కూడానా సార్?"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారు మాత్రం నన్ను కళ్ళజోడు పైనుంచి చూశాడు. నా ప్రశ్న ఆయనకి అర్థమే కాలేదు. "పిల్లలంటే పిల్లలేనమ్మా. అందులో ఆడేమిటి, మగేమిటి?" అని బొమ్మ వైపు తిరిగిపోయాడు.

అంత తేలిగ్గా చెప్పేసిన మాట నేను పుట్టి బుద్ధెరిగాక ఎక్కడా వినలేదు. అది అలా చెవిలో పడే ఉంది. ఆ వారం సెలవు రోజున పుట్టింటికి వెళ్ళాను.

ఇంటి కింద భాగం మా నాన్న అద్దాల షాపు. కిటికీ అద్దాలు, ఫొటో అద్దాలు, మొహం చూసుకునే అద్దాలు, ఏది కావాలన్నా కోసి ఇచ్చేవాడు. ఆయన పోయి ఒక చలికాలం గడిచింది. ఆయన పద్ధతులు రెండున్నాయి. ఒకటి, అద్దం కోసే కటరు చక్రం పలక మీద ఒక్కసారే నడవాలి. గీసిన గీత మీద రెండోసారి నడిపావా, అద్దం నీ మాట వినదు, తన దారిన తాను పగులుతుంది. రెండోది, టేపుతో కొలవడం ఆయనకి నచ్చదు. పలకని సమానంగా పంచాలంటే గోడకున్న కొలతాడు తీసి, పలక వెడల్పుకి సాగదీసి, ఎన్ని ముక్కలు కావాలో అన్ని మడతలు పెట్టి, మడత దగ్గర ముడి వేసేవాడు. అంకెలు చదవడంలో కన్ను తప్పొచ్చు గానీ తాడు మడత అబద్ధం చెప్పదనేవాడు. అన్నయ్యా, నేనూ, తమ్ముడూ, మా ముగ్గురి చిన్నప్పటి చదువూ ఆ తాడుతోనే మొదలయ్యింది.

నేను వెళ్ళేసరికి షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్తే, నేల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా సుద్దగీత కనిపించింది. కొత్త గీత. వెనకాల సానరాయి దగ్గర అమ్మ ఎప్పటిలాగే స్టూలు మీద కూర్చుని అద్దం అంచులు అరగదీస్తోంది. గీత ఆమె స్టూలు దాకా వెళ్ళి ఆగి, స్టూలుకి అవతల మళ్ళీ మొదలయ్యింది. ఆవిణ్ణి ఒక్క క్షణం లేవమని కూడా అడగలేదన్నమాట. మేకుకి వేలాడుతున్న కొలతాడుకి సరిగ్గా నడిమధ్య ఒక ముడి ఉంది.

"ఏంటన్నయ్యా ఇది?"

అన్నయ్య బల్ల దగ్గర నుంచి తలెత్తలేదు. "గోడ పెడుతున్నాం. మేస్త్రీకి చెప్పాను. ఇటు నాది, అటు తమ్ముడిది. ఎవరి వ్యాపారం వాళ్ళు చేసుకుంటే ఏ గొడవా ఉండదు."

"మరి నాది ఏ గీత కిందుంది?"

ఆ మాటకి అన్నయ్య తలెత్తాడు. సమాధానం మాత్రం తమ్ముడు చెప్పాడు. వాడి నోట్లో ఎప్పుడూ పంచదారే. "అదేంటక్కా, నీ ఇల్లు నీకుంది, బావగారున్నారు. అయినా నిన్ను మర్చిపోతామా? గుమ్మం దగ్గర పెద్దద్దం ఉంది చూడు, అది నీకే అనుకున్నాం. నాన్న గుర్తుగా. పాతకాలం దళసరి అద్దమక్కా, ఇప్పుడు కావాలన్నా దొరకదు."

"అంటే నన్ను నా మొహం చూసుకోమంటున్నారా?"

పైన మేడగదుల్లో వాళ్ళిద్దరి కాపురాలు. నేను వాటి జోలికి పోలేదు, పోవాలని కూడా లేదు. మెట్ల మీద నిలబడి అంతా వింటున్న వదిన ఆ మాటకి పకపకా నవ్వింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్న సామెత అప్పుడు నాకు అక్షరాలా అర్థమయ్యింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

"అమ్మా, నువ్వు చెప్పు. నాకేం లేదా ఇందులో?"

అమ్మ రాయి మీద నీళ్ళు చిలకరించింది. "నన్నెందుకే మధ్యలోకి లాగుతావు? వాళ్ళేదో అనుకున్నారు" అని మళ్ళీ అంచు మీదకి వంగింది.

నేను బయటికి వచ్చేశాను. నాకు కావలసింది డబ్బు కాదు, బంగారం కాదు. బడి నుంచి రాగానే అద్దం పలక అవతలి కొస పట్టుకుని నిలబడింది నేను. చేతులు కోసుకున్నది నేను. అన్నయ్య బంతాటకి పోయేవాడు, తమ్ముడు అమ్మ వెనక దాక్కునేవాడు. అలాంటిది, నేనొకదాన్ని ఉన్నానని కూడా గుర్తు రాకుండా తాడుకి ఒకే ముడి వేశారు. అన్నయ్య మొదటినుంచీ తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఈసారి వాడి కుందేలుకి మూడు కూడా లేవు, రెండే.

మర్నాటికల్లా ఆ అద్దం మా ఇంటికి వచ్చేసింది. అడక్కుండానే పంపించారు. మా ఇంట్లో సగం గోడ అదే. ఎటు తిరిగినా, కోపంతో ఉబ్బిన నా మొహం నాకే కనిపిస్తుంటే తట్టుకోలేక దాన్ని గోడ వైపు తిప్పించాను. మా ఆయన సరుకుల వ్యాను నడుపుతాడు. ఆయన దగ్గర అన్ని జబ్బులకీ ఒకటే మందు, "నీ ఇష్టం".

"అది తిరిగి పంపించేద్దామంటారా?"

"నీ ఇష్టం."

"ఉంచుకుంటే నోరు మూసుకున్నట్టే కదా?"

"అదీ నీ ఇష్టమే. గడ్డం గీసుకోవడానికి మాత్రం ఇటు తిప్పు కాస్త."

ఆ మనిషితో పోట్లాడ్డం కూడా కుదరదు. అందుకని ఆ కోపమంతా చదువు మీద చూపించాను. గిన్నెలు తోముతూ ఊళ్ళ పేర్లు అప్పజెప్పుకునేదాన్ని. వంటింట్లో ఉన్న ప్రతి వస్తువునీ వాసన చూసేదాన్ని, ఎందుకంటే వైన్‌లో చెర్రీ వాసనా, తడిమట్టి వాసనా, పుట్టగొడుగుల వాసనా పట్టుకోవాలని మాస్టారు చెప్పాడు. నీళ్ళు పోసిన పూలకుండీ దగ్గర నేను ముక్కు పెట్టి కూర్చుంటే, ఎదురింటావిడ నాకేదో అయ్యిందని మా ఆయన్ని అడిగిందట. ఆయనేం చెప్పి ఉంటాడో చెప్పక్కర్లేదు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం అమ్మ వచ్చింది. ఎండలో నడిచి వచ్చి, మంచినీళ్ళు తాగి, గోడ వైపు తిరిగి ఉన్న అద్దాన్ని చూసి కూర్చుంది. రాయబారం వచ్చిందని నాకు తెలుసు.

"పోనీలేవే. నాలుగడుగుల చోటు కోసం అన్నదమ్ములతో మాటలు పోగొట్టుకుంటావా?"

"మాటలు పోగొట్టుకున్నది నేనా? నాతో ఒక్క మాట అన్నారా గీత గీసేముందు?"

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. నువ్వైనా ముందే అడగాల్సింది."

"అంటే, వాళ్ళు అడిగారా? ఎవరిని అడిగారు? నిన్నడిగారా?"

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. నాకు జాలి రావాల్సింది, రాలేదు. కోపమే వచ్చింది. ఈవిడ ఒక్క మాట అంటే ఆగిపోయే గోడ అది. ఆ ఒక్క మాట అనకుండా, నన్ను ఊరుకోమనడానికి ఇంత ఎండలో నడిచి వచ్చింది. బల్ల మీద అగ్గిపుల్లల పెట్టె కనిపిస్తే తీసి, పుల్లలన్నీ ఒంపేశాను.

"చూడమ్మా. ఇది కొండ. ఇవన్నీ ద్రాక్ష సాళ్ళు. ఇది ఒకావిడది, దీని పక్కది వాళ్ళ తమ్ముడిది, ఈ రెండూ మేనమామ కూతురివి. ఒకటే గోడ. లోపల ఎనభైమంది."

అమ్మ పుల్లల్ని అనుమానంగా చూసింది. "రెండు సాళ్ళేంటే, ఎగతాళికా? ఆ రెండు సాళ్ళతో ఏం చేస్తారు?"

"పండిస్తారు. పిండుతారు. సీసాలో పోస్తారు. ఆ సీసా మీద వాళ్ళ పేరు వేసుకుంటారు. రెండు సాళ్ళున్నా ఆసామి ఆసామే."

"గొడవలు రావూ?"

"వస్తాయేమో. వస్తే పడతారు. గొడవలొస్తాయని ఒకళ్ళని లేనట్టు చెయ్యరు కదా."

అమ్మ ఒక పుల్ల తీసి వేళ్ళ మధ్య తిప్పింది. ఆ వేళ్ళు నేనెప్పుడూ పరీక్షగా చూడలేదు. అద్దం అంచులు కోసిన గాట్లు, పాతవాటి మీద కొత్తవి, చర్మం నున్నగా లేకుండా గీతలు గీతలుగా ఉన్నాయి. "తండ్రి పోతే పిల్లలకి సమానమా?" అంది.

"అందరికీ. ఆడా మగా లేదు."

"మరి వాళ్ళమ్మకి?"

"ఏమో. మాస్టారు చెప్పలేదు. అడుగుతాలే" అన్నాను. నా గొడవలో నేనున్నాను. ఆ పుల్లని మిగతావాటి పక్కన పెట్టి అమ్మ లేచింది. నాకు తర్వాత మాస్టార్ని అడగడం గుర్తే లేదు.

మేస్త్రీ వచ్చే రోజు దగ్గర పడుతోంది. ఆ వారమే ముక్కు మాస్టారు మాకు మొదటిసారి నిజం వైన్ రుచి చూపించాడు. అంతదాకా బొమ్మలే. ఒక్కొక్కరి ముందు రెండేసి గ్లాసులు పెట్టి, రెండిట్లోనూ గుక్కెడు చొప్పున పోశాడు. బర్గండీ ఎరుపు అంటే నేను చిక్కటి రంగు ఊహించుకున్నాను. ఇది పల్చగా, గ్లాసు వెనక వేలు పెడితే వేలు కనిపించేలా ఉంది.

"ఈ నీళ్ళకా సార్ ఇంత హడావిడి!" అన్నాడు కెప్టెన్.

"పల్చగా ఉందని చులకన చెయ్యకు. రెండూ తాగి చెప్పు."

ఒకటి నాలుక మీద పుల్లగా, గరుగ్గా తగిలింది. రెండోది మెల్లగా వచ్చి, మింగేశాక కూడా ఉండిపోయింది. వేర్వేరు ఊళ్ళవనీ, వేర్వేరు ఏళ్ళవనీ తలా ఒకటి చెప్పాం. మాస్టారు రెండు సీసాలూ తిప్పి చూపించాడు. తోట ఒకటే, ఏడాదీ ఒకటే. కింద చిన్నక్షరాల్లో ఆసాముల పేర్లు మాత్రం వేరు.

"ఇదే మీరు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం, చివరి పాఠం కూడా. బర్గండీ సీసా మీద తోట పేరు చూసి మోసపోకండి. చేసిందెవరో చూడండి. తోట పేరు అందరిదీ. చేతిపని ఎవరిది వాళ్ళదే."

"చిన్న ముక్కలున్నవాళ్ళు తమ వాటా పెద్ద వ్యాపారులకి ఇచ్చేసుకోవచ్చు కదా సార్? ఎందుకింత తంటా?" అంది నా పక్కనున్నావిడ.

"ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. పళ్ళు అమ్మేస్తారు. అది తప్పేం కాదు. కాకపోతే సీసా మీద పేరు కొన్నవాడిదవుతుంది."

నేను రెండో గ్లాసు ఖాళీ చేసి బల్ల మీద పెట్టాను. నా పేరు ఒక పాత అద్దానికి అమ్మేయబోయారు మా వాళ్ళు. నన్ను అడిగి అమ్మి ఉంటే ఇంత మండేది కాదేమో. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆయనతో, రేపు వ్యాను కావాలన్నాను.

"అద్దం తిరిగిచ్చేస్తున్నావా?"

"అవును."

"గోడ వైపు పట్టుకుంటా, నువ్వు ఇటు పట్టుకో" అన్నాడు. ఆ వేసవి మొత్తానికి ఆయన "నీ ఇష్టం" అనకుండా ఉన్నది అప్పుడొక్కసారే.

మర్నాడు పొద్దున్నే వ్యాను షాపు ముందు ఆపి, అద్దాన్ని ఇద్దరం దింపి, పాత చోటనే గుమ్మం పక్కన ఆనించాం. లోపల అన్నయ్య ఒక పెద్ద పలక బల్ల మీద పరిచి కోయడానికి సిద్ధంగా ఉన్నాడు. ఎవరిదో షోకేసు పలక. తమ్ముడు అవతలి కొస పట్టుకుని ఉన్నాడు. అమ్మ స్టూలు మీద, గీత ఆవిడకి ముందొకటి, వెనకొకటి.

"వచ్చావా? అద్దం నచ్చలేదా?" అన్నాడు అన్నయ్య.

"అద్దం బాగుంది. అది ఈ షాపుది, ఇక్కడే ఉంటుంది. నేను చెప్పేది ఒక్కసారే చెప్తాను, విను. ఈ షాపులో మూడో వంతు నాది. అది నాకు కావాలి. దానికి బదులు ఏదీ వద్దు."

అన్నయ్య కటరు కిరసనాయిల్లో ముంచి, పలక మీద నడిపించాడు. చక్రం సర్రున పోయింది. గీత బాగానే పడింది.

"మూడో వంతు! నాలుగడుగుల వెడల్పు ఉంటుందా అది? అందులో నువ్వు అడ్డంగా పడుకోడానికి కూడా చాలదు. ఏం చేస్తావట?"

"నా సెలవు రోజున ఫొటో అద్దాలు కోస్తాను. మిగతా రోజులు మూసి ఉంచుతాను. నా ఇష్టం."

"అక్కా, వీధిలో వాళ్ళు నవ్వుతారే" అన్నాడు తమ్ముడు.

"నిన్నటిదాకా మీ ఇంట్లోవాళ్ళు నవ్వారు. నేను చచ్చిపోలేదుగా."

"అదేదో ఫ్రాన్సులో ఎవరో ముక్కలు పంచుకుంటారని అమ్మకి పుల్లలు పేర్చి చూపించావంట. ఆ రూలు ఇక్కడ నడుస్తుందా?" అన్నాడు అన్నయ్య. గీత చాలినంత లోతుగా పడలేదని ఎందుకనిపించిందో, కటరు మళ్ళీ అదే గీత మీద పెట్టాడు.

"ఇక్కడా అదే రూలు. మీకూ తెలుసు, తెలుసు కాబట్టే నాతో చెప్పకుండా గీశారు. అన్నయ్యా, రెండోసారి నడపకు."

"నాకు పని నేర్పుతున్నావా?"

నడిపాడు. పలక కింద నుంచి తట్టగానే పగులు గీత వెంట కాస్త దూరం వచ్చి, పక్కకి తిరిగి, మూలకి పరిగెత్తింది. పలక మూడు ముక్కలై బల్ల మీద పడింది. ఎవరికీ ఏం కాలేదు. అన్నయ్య మాత్రం ఆ ముక్కల వైపు కాక నా వైపు చూశాడు. "నీ నోటి మూలానే" అన్నాడు.

నేనింక ఊరుకోలేదు. "నా నోటి మూలానా? రెండుసార్లు గీసింది నేనా? నాన్న ఎన్నిసార్లు చెప్పాడు! చెయ్యి నీది, తప్పు నీది, నింద నాదా? చిన్నప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే!" అని, మేకుకున్న కొలతాడు లాగాను. నడిమధ్య ముడి గోళ్ళతో ఊడదీశాను. తాడు గోడ నుంచి గోడకి సాగదీసి, మూడు మడతలు పెట్టాను. మూడు మడతలు సమానంగా కుదరడం కష్టం, జరిపి జరిపి కుదిర్చి రెండు ముడులు వేశాను. సుద్దముక్క తీసుకుని, పాత గీత కాలితో చెరిపేసి, నేల మీద రెండు గీతలు గీశాను. ఎవరూ ఆపలేదు. మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి, ఎవరైనా ముందుకొస్తే అడ్డం రావడానికన్నట్టు చేతులు ఖాళీగా ఉంచుకున్నాడు.

"ఇదీ పంచడమంటే" అన్నాను. ఒగరుస్తున్నాను, గెలిచాననే అనుకున్నాను.

తమ్ముడు అన్నయ్య మొహం చూశాడు. అన్నయ్య గీతల్ని చూశాడు. "సరే, ఏడిచావులే. మూడు వాటాలే కానీ" అన్నాడు.

అప్పుడు సానరాయి చప్పుడు ఆగిందని గమనించాను. అమ్మ లేచి నిలబడింది. మేం వచ్చిందగ్గర్నుంచీ లేవని మనిషి. సానరాయి దగ్గరున్న తడిగుడ్డ తీసుకుని, వంగి, నా గీతలు రెండూ ఈ చివర నుంచి ఆ చివర దాకా తుడిచేసింది.

"అమ్మా! ఇంకా వాళ్ళవైపేనా?" అని అరిచాను.

అమ్మ నా చేతిలోంచి కొలతాడు తీసుకుంది. నా రెండు ముడులూ విప్పింది. ఆ గాట్ల వేళ్ళకి ముడి విప్పడం ఎంతసేపు? నాన్న పక్కన నిలబడి అన్నేళ్ళూ ముడులు విప్పింది ఆవిడే. తాడు సాగదీసి సగానికి మడిచింది. ఆ సగాన్ని మళ్ళీ సగానికి మడిచింది. మూడుకి పడ్డంత తంటా నాలుగుకి లేదు.

"మూడు కాదు. నాలుగు" అంది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అందరికంటే ఆలస్యంగా నాకు అర్థమయ్యింది. అగ్గిపుల్ల పట్టుకుని వాళ్ళమ్మకి ఎంత అని అడిగిన మనిషికి, అడుగుతాలే అని చెప్పి పంపిన కూతుర్ని నేను. అంత కోపంతో నేను పట్టిన కుందేలుకి కూడా మూడే కాళ్ళు.

"అన్నం మీరు పెడుతున్నారు, నేను తింటున్నాను, కాదనను" అంది అమ్మ, కొడుకుల వైపు తిరిగి. గొంతు పెంచలేదు గానీ ప్రతి మాటా విడిగా పడింది. "అలాగని నేనేమైనా ఈ షాపులో పడేసిన స్టూలునా? నన్ను లేవమనైనా అనకుండా నా చుట్టూ గీతలు గీసుకుంటారా? వాడు గీశాడు, నువ్వూ గీశావు" అని నన్నూ చూసింది. "ఈ షాపులోంచి బయటికెళ్ళిన అద్దాల్లో నా చెయ్యి పడని అంచు ఒక్కటి చూపించండి. ఒక్కటి."

అన్నయ్యకి కోపం వచ్చిందో, సిగ్గేసిందో తెలియదు. పగిలిన ముక్కలు బల్ల మీంచి ఏరుతూ, "నీకెందుకమ్మా ఈ వయసులో వాటా? ఏం చేస్తావు దాంతో?" అన్నాడు.

అమ్మ సుద్ద తీసుకుని మూడు గీతలు గీసింది. నిలబడి ఒకసారి చూసుకుంది. వెలుతురు బాగా పడే గుమ్మం పక్క భాగంలోకి, నేను తెచ్చి పెట్టిన పెద్దద్దం ఉన్న భాగంలోకి తన స్టూలు తనే ఎత్తి తీసుకెళ్ళి వేసుకుంది.

"కూర్చుంటాను" అంది.

కూర్చుంది.